జీపు, జోంగా, డీసీఎం మీద సెవెన్: నల్లగొండ నుంచి పాలమూరు దాకా నాలుగు రోజులు

మొదటి రోజు: ఎల్బీ నగర్ నుంచి పానగల్లు

తెల్లవారుజామున ఐదింటికి ఎల్బీ నగర్‌లో కదిలాం. ముందు మా చిన్నన్న విల్లీస్ జీపు, దాని వెనక నేను నడిపే జోంగా (సైన్యం వాడి వేలంలో అమ్మిన జీపులాంటి బండి), అన్నింటికన్నా వెనక కిరాయికి మాట్లాడుకున్న డీసీఎం. డీసీఎం మీద టార్పాలిన్ కింద మా బావ కల్వకుర్తిలో నాలుగేళ్లు కష్టపడి కట్టుకున్న రెండు సీట్ల కారు. 1957లో ఇంగ్లండ్‌లో కాలిన్ చాప్‌మన్ తెచ్చిన లోటస్ సెవెన్‌కు అది నకలు. ఇంట్లో అందరం 'సెవెన్' అనే పిలుస్తాం.

ఈ మూడూ కలిసి రోడ్డెక్కడానికి మూలం సంక్రాంతినాటి గొడవ. అక్కవాళ్లింట్లో భోజనాలప్పుడు చిన్నన్న "నకలు బండి ఎంత బాగున్నా బొమ్మే, బండి కాదు" అన్నాడు. బావ చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. నాలుగేళ్లు రాత్రిళ్లు వెల్డింగ్ చేసిన మనిషిని ఆ మాట అనాల్సింది కాదు. అక్కే మధ్యలో పడింది. "ఇంట్లో కూర్చొని కొట్లాడుడెందుకు, బండ్లు తీస్కొని తాత దగ్గరికి పోండి, ఆయన ఏమంటడో అదే" అంది.

తాత అంటే మా అమ్మకు వరసకు బాబాయి. సైన్యంలో బండ్లు, యంత్రాలు బాగుచేసే ఈఎంఈ విభాగంలో హవల్దారుగా చేసి రిటైరయ్యాడు. శక్తిమాన్ లారీలూ, నిస్సాన్ వన్ టన్నులూ, జోంగాలూ ఇరవై ఏళ్లు విప్పి బిగించిన చేతులు ఆయనవి. ఇప్పుడు డెబ్భై ఎనిమిదేళ్లు. నల్లగొండ పక్కన పానగల్లులో కూతురి దగ్గరుంటున్నాడు.

విజయవాడ హైవే మీద జీపును అరవైకి మించి పోనివ్వలేదు. బస్సులు హారన్ కొట్టుకుంటూ పక్కనుంచి దూసుకుపోతుంటే 1940ల నాటి బ్రేకులను నమ్ముకొని నడిపేవాడి గుండె ఎలా ఉంటుందో వెనక నుంచి చూస్తున్న నాకూ తెలుస్తూనే ఉంది. చౌటుప్పల్‌లో చాయ్ తాగి, నార్కట్‌పల్లి దగ్గర హైవే వదిలి నల్లగొండ దారి పట్టేసరికి ఎనిమిదైంది.

ఈ గొడవలో నేనెటు వైపో ఇక్కడే చెప్పేస్తాను. రెండేళ్ల కింద '1943 ఫోర్డ్ జీపు' అని చెబితే నమ్మి ఒకాయనకు అడ్వాన్సు ఇచ్చాను. పాత ఇత్తడి ప్లేటు, దాని మీద అరిగిపోయిన అంకెలు చూసి కళ్లు మూసుకున్నాను. తర్వాత తీరిగ్గా చూస్తే ప్లేటును పట్టుకున్న రివెట్లు కొత్తవి. ప్లేటు కింది రేకు నిన్నగాక మొన్న వంచినది. ఎక్కడో చచ్చిపోయిన జీపు నంబరు తెచ్చి కొత్త బాడీకి కొట్టారు. డబ్బు తిరిగి రాలేదు. అప్పటినుంచి నా కోపమంతా ఆ రివెట్ల మీదే. బావ చేసిన పని మీద నాకు కోపం లేదు. ఆయన తన బండిని ఏ రోజూ లోటస్ అని ఎవరికీ చెప్పలేదు.

తాత ఉదయసముద్రం కట్ట మీద తువ్వాల భుజాన వేసుకుని నిలబడి ఉన్నాడు. పలకరింపులు కూడా పూర్తికాలేదు, "ఇంజన్ బంద్ చెయ్యి బిడ్డా" అని కట్ట మీదే గోనె పరుచుకుని జీపు ముందు భాగం కిందికి దూరాడు. చిన్నన్న ఈ జీపును ఫోర్డ్ వాళ్లు కట్టినదే అని పదేళ్లుగా చెప్పుకుంటున్నాడు. యుద్ధంలో విల్లీస్ డిజైన్‌నే ఫోర్డ్ కూడా కట్టింది. 1941 నుంచి 1945 మధ్య రెండు కంపెనీలూ కలిసి ఆరు లక్షలకు పైగా జీపులు తీశాయి. పైకి అన్నీ ఒకటే. తేడా తెలియాలంటే కిందికి దూరాల్సిందే.

"గీ అడ్డ పైపు సూడు. రేడియేటర్ కింద. గుండ్రంగున్నదా?"

"గుండ్రంగనే ఉంది తాతా."

"గట్లుంటే విల్లీస్. ఫోర్డ్‌ది గుండ్రంగుండది, తలకిందులు చేసిన కాల్వ లెక్క పలకలుగుంటది." 

చిన్నన్న మొహం వాడిపోయింది. తాత మాత్రం బయటికి రాలేదు. ఇంకా లోపలికి జరిగి, బొటనవేలి గోటితో ఒక బోల్టు తల మీది జిడ్డు గీకాడు. "రా, నువ్వే సూడు" అన్నాడు. నేనూ చిన్నన్నా ఇద్దరం దుమ్ములో పడుకుని చూశాం. పెసరగింజంత అక్షరం, తోక వంపు తిరిగిన ఇంగ్లిష్ 'ఎఫ్'. ఫోర్డ్ తాను చేసిన ప్రతి బోల్టు మీదా ఆ గుర్తు కొట్టేది. ఫ్రేమ్ విల్లీస్‌ది, బోల్టు ఫోర్డ్‌ది. తాత అలాంటివి ఇంకో ఐదు చూపించాడు.

ఇందులో వింతేమీ లేదని ఆయనే చెప్పాడు. ఒక కంపెనీ సామాను ఇంకో కంపెనీ జీపుకు సరిపోయేలా చేయించుకోవడమే సైన్యానికి కావాల్సింది. వర్క్‌షాపులో నాలుగు దెబ్బతిన్న జీపులుంటే రెండు మంచివి తయారు చేసి పంపేవాళ్లు. ఏ బోల్టు ఏ ఊరి ఫ్యాక్టరీదని ఎవరూ చూడలేదు. చిన్నన్న ఆ రోజంతా ఎక్కువగా మాట్లాడలేదు. సాయంత్రం ఛాయా సోమేశ్వరాలయానికి పోయి గర్భగుడిలో రోజంతా కదలకుండా ఉండే స్తంభం నీడను చూస్తూ చాలాసేపు కూర్చున్నాడు.

రెండో రోజు: సాగర్, డిండి

తాత మాతో వస్తానన్నాడు. కూతురు వద్దన్నా వినలేదు. జోంగాలో నా పక్క సీట్లో ఎక్కి తలుపు వేస్తూ, కీలు సందులో వేలు పెట్టి చూసి నవ్వాడు. జోంగాకు ఇప్పుడు మట్టి రంగు వేయించాను. సైన్యం బండ్లకు తప్ప ఇంకెవరికీ ఆలివ్ గ్రీన్ వాడకూడదని మోటారు వాహనాల నిబంధన ఉంది. కానీ పెయింటరు కీలు లోపలి దాకా పోలేదు. అక్కడ గోరంత మేర పాత పచ్చ అలాగే ఉంది. తాత పట్టుకున్నది దాన్నే.

జోంగా అంటే పేరు కాదు, పొడి అక్షరాలు. జబల్‌పూర్ ఆర్డినెన్స్ అండ్ గన్ క్యారేజ్ అసెంబ్లీ. నిస్సాన్ కంపెనీ 'పట్రోల్' అనే బండిని లైసెన్సు మీద 1969 నుంచి 1999 దాకా జబల్‌పూర్‌లో కట్టారు. ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజను, దగ్గర దగ్గర నాలుగు లీటర్లు. నాది లీటరుకు ఐదు కిలోమీటర్లు ఇస్తే ఆ రోజు బాగున్నట్టే. నేను వేలంలో కొన్నప్పుడు బంపర్ మీద సైన్యం నంబరు ఇంకా ఉంది. ముందు పైకి చూపే బాణం గుర్తు, తర్వాత బండి సైన్యంలోకి వచ్చిన ఏడాది రెండంకెలు, ఆ తర్వాత అక్షరం, వరుస సంఖ్య. ఆర్‌సీ చేయించేటప్పుడు తుడిచేయాల్సి వచ్చింది గానీ, తుడవకముందు ట్రేసింగ్ కాగితం మీద పెన్సిల్‌తో దిద్దుకున్నాను. అది జోంగా డాష్‌బోర్డు అరలో ఉంది. తాతకు చూపిస్తే మడత విప్పి రెండుసార్లు చదివి, జాగ్రత్తగా అదే మడతలో పెట్టి ఇచ్చాడు.

కనగల్లు, హాలియా దాటాక రెండువైపులా కాలువ కింది వరి. పచ్చదనం చూస్తూ తాత తన తండ్రి సంగతి ఎత్తాడు. ఆయనది కల్వకుర్తి వైపు పల్లె. కరువు ఏళ్లలో పాలమూరు జనం మూటాముల్లె కట్టుకుని దేశమంతా డ్యాములు కట్టడానికి పోయినట్టే ఆయనా సాగర్ పనికి పోయాడు. "మేస్త్రి డిస్పోజల్ లారీ తెచ్చెటోడు. మిలిట్రీ వాళ్లు యుద్ధమైనంక అమ్మిన లారీ. దాని మీద యాభై మందిని నిలబెట్టి తీస్కపోయెటోడు. ఆ లారీ ముక్కు పొట్టిగుండె, నాకు ఇంక యాదున్నది. అది సూసినంకనే మిలిట్రీల చేరాల్నని పుట్టింది."

ముక్కు పొట్టిగా ఉండే ఆ లారీ బహుశా కెనడా వాళ్లు చేసిన చెవర్లేదో ఫోర్డో అయ్యుంటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో కెనడా ఫ్యాక్టరీలు బ్రిటిష్ సైన్యాల కోసం తీసిన లారీల తీరే అది, ఇంజను డ్రైవర్ కాళ్ల దగ్గరికి వచ్చి, ముక్కు తెగ్గోసినట్టు ఉంటుంది. యుద్ధం అయిపోయాక అలాంటివీ, అమెరికన్ లారీలూ, జీపులూ మన దేశంలో డిస్పోజల్ కింద అమ్ముడుపోయాయి. వాటి ముందు భాగం రూపం మార్చి బస్సు బాడీలు కట్టారు, గుట్టల్లో కలప లాగించారు, రాళ్లు మోయించారు.

సాగర్ చేరాక డ్యాం ఎదురుగా బండ్లు ఆపాం. 1955 డిసెంబర్ 10న నెహ్రూ పునాదిరాయి వేశారు. 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. 26 గేట్లు. ఎండాకాలం మొదలు కాబట్టి అన్నీ మూసి ఉన్నాయి, రాతి గోడ నిలువునా ఎండి కనబడింది. కాంక్రీటు కాకుండా రాతికట్టడం ఎంచుకున్నారు కనుక, విదేశీ యంత్రాలకు పోయే డబ్బు మిగిలి, ఆ పని మనుషుల భుజాల మీద పడింది. కొలతకు చెక్కిన రాయి కావడి మీద మోసుకుని ఒకరి వెనక ఒకరు పరంజాలెక్కిన వాళ్లలో తాత తండ్రి ఒకడు. ఆ గోడ ముందు నిలబడి మా బండ్ల ఫోటో తీసుకుందామనుకున్నాం. తాతను మధ్యలో నిలబెట్టి ఆయన ఫోటోనే తీశాం.

మధ్యాహ్నం చేపల పులుసు, జొన్న రొట్టె. తర్వాత కొండమల్లేపల్లి, దేవరకొండ మీదుగా చీకటి పడేవేళకు డిండి. రాత్రి గెస్ట్‌హౌస్ ఆవరణలో జీపు పెట్రోలు ఫిల్టర్ గాజు గిన్నెలో తుప్పు చేరిందని తీసి కడగాల్సి వచ్చింది. టార్చి కోసం వెతుకుతుంటే తాత బానెట్ ఎత్తి, హెడ్‌లైటు దగ్గర రెక్కల నట్టు చేత్తో వదులు చేసి, దీపాన్ని వెనక్కి తిప్పాడు. వెలుతురంతా ఇంజను మీద పడింది. విల్లీస్ దీపాలను అలా తిప్పి అమర్చారన్న సంగతి ఎన్నో చోట్ల చదివాను. ఒక మనిషి చీకట్లో తడుముకోకుండా తిప్పడం చూడ్డం మాత్రం అదే మొదటిసారి.

ఆ దీపం వెలుతుర్లోనే అసలు వాదన జరిగింది. చిన్నన్న మొదలుపెట్టాడు.

"సరే, నాది కలగాపులగమే అనుకో. అయినా ప్రతి ముక్కా ఆనాటిదే. బావది నిన్నటిది."

బావ గిన్నె తుడుస్తూ నెమ్మదిగా చెప్పాడు. "జాగ్వార్ వాళ్లు 1963లో 'లైట్‌వెయిట్ ఈ-టైప్' అనే రేసు కార్లు పద్దెనిమిది కడతామని నంబర్లు పెట్టి పన్నెండే కట్టిన్రు. మిగిలిన ఆరు నంబర్లతోని 2014లో ఆరు కొత్త కార్లు కట్టిన్రు. కంపెనీ అదే, నంబర్ ఆనాటిదే, కారు నిన్నటిది. అది అసలా, నకలా?"

చిన్నన్న వెంటనే జవాబివ్వలేదు. నాకైతే ఆ ఆరు కార్లు నచ్చవు. వాళ్లు దాచింది ఏమీ లేదు, నిజమే. కానీ పాత నంబరుకు ఉండే బరువును కొత్త బండి మీదికి ఎక్కించి అమ్మడం నాకు ఒప్పు అనిపించదు. షెల్బీ కోబ్రా చూడండి. 1962లో కారల్ షెల్బీ ఇంగ్లండ్ ఏసీ కంపెనీ తేలికపాటి కారులో ఫోర్డ్ వీ8 దించాడు. ఆ రోజుల్లో కట్టినవి దాదాపు వెయ్యి. ఇవాళ లోకంలో తిరిగే కోబ్రాల్లో నకళ్లే ఎన్నో రెట్లు ఎక్కువ. వాటివల్లే కదా మామూలు మనిషి ఆ కారు ఆకారాన్ని, చప్పుడును దగ్గరగా ఎరిగింది. నకలు అని చెప్పుకుని తిరిగితే నాకు గౌరవమే. ఫెరారీ 250 జీటీఓ కథ ఇంకో రకం. 1962 నుంచి 1964 దాకా 36 కట్టారు. ఒకటి 2018లో వేలంలో నాలుగు కోట్ల ఎనభై లక్షల డాలర్లు దాటి పోయింది. దాని ఆకారం కళాఖండమనీ, ఎవరూ నకలు చేయకూడదనీ 2019లో ఇటలీలోని బొలోన్యా కోర్టు చెప్పింది. ధర అంత పెరిగాక నంబరు దొంగలు పుట్టకుండా ఉంటారా?

"సెవెన్‌ను కట్టుకొమ్మని చెప్పి అమ్మింది చాప్‌మనే" అన్నాడు బావ. అది నిజం. ఆ రోజుల్లో ఇంగ్లండ్‌లో తయారైన కారుకు కొనుగోలు పన్ను ఉండేది, విడిభాగాలుగా కొంటే ఉండేది కాదు. అయితే ఎలా బిగించాలో రాసిన కాగితం జతచేయకూడదు. చాప్‌మన్ ఎలా విప్పాలో రాసి ఇచ్చాడు, కొన్నవాళ్లు దాన్ని కింది నుంచి పైకి చదువుకుని కట్టుకున్నారు. 1973లో ఆ కారు హక్కులు కేటర్‌హామ్ కంపెనీకి పోయాయి. ఆ కేటర్‌హామే తర్వాత ఒక మోడల్‌లో 660 సీసీ సుజుకీ ఇంజను పెట్టింది. బావ తన బండికి మారుతీ జిప్సీ ఇంజను పెట్టినప్పుడు నవ్వినవాళ్లు ఇది వినాలి. జిప్సీ ఇంజను నిలువుగా కూర్చుంటుంది, వెనక చక్రాలకు షాఫ్టు వేయొచ్చు. స్విఫ్ట్ ఇంజనుతో అది కాదు. వెనక ఇరుసు హౌసింగ్ మారుతీ ఓమ్నీది, సన్నగా, తేలిగ్గా ఉంటుందని తెచ్చాడు. మొత్తం ఐదారు క్వింటాళ్ల బండి.

తాత ఇదంతా విని ఒకటే అడిగాడు. "నీ బండికి నంబర్ ఏం కొట్టినవ్ అల్లుడా?"

"ఇంకా కొట్టలేదు మామా."

"కొట్టు. నంబర్ లేని బండి రేపు ఎవని చేతిలనో పడ్తది."

మూడో రోజు: మన్ననూరు ఘాటు

మోదుగు పూలు విరగబూసిన రోజులు. హాజీపూర్ దాటి అడవిలోకి ఎక్కుతుంటే ఆకు రాలిన చెట్ల మధ్య ఎర్రగా మంటలు అంటుకున్నట్టు ఉంది. ఇది అమ్రాబాద్ పులుల అడవి. శ్రీశైలం రోడ్డును ఇక్కడ రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా మూసేస్తారు. మేం ఫర్హాబాద్ వైపు కొంతదూరం పోయి తిరిగి రావాలనుకున్నాం.

ఘాటు సగంలో జీపు ఊపిరాడనట్టు రెండుసార్లు ఎగిరి ఆగిపోయింది. సెల్ఫ్ కొడితే తిరుగుతుంది గానీ అంటుకోదు. చిన్నన్న పాయింట్లు చూడాలన్నాడు. తాత పైపు మీద చెయ్యి పెట్టి వెంటనే తీశాడు. "కాలుతున్నది. పెట్రోల్ ఆవిరైంది."

ఎండ, ఎత్తు, తక్కువ వేగం. ఎగ్జాస్టు వేడి తగిలే చోట పైపులో పెట్రోలు ఉడికి ఆవిరి గడ్డ కట్టుకుంటుంది. పంపు ద్రవాన్ని లాగుతుంది, ఆవిరిని లాగలేదు. మన్ననూరు దిక్కు నుంచి వస్తున్న ఒక ట్రాలీ ఆటో ఆయన క్యాను నిండా నీళ్లు ఇచ్చాడు. గోనె ముక్క తడిపి పంపు మీద, పైపు చుట్టూ చుట్టాం. అరగంట ఆగాలి. ఇప్పటి పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది, పాత రబ్బరుకు అది పడదు, ఊరు చేరగానే పంపు డయాఫ్రం, హోసులు మార్పించమని తాత ఈలోపు చిన్నన్నకు గట్టిగా చెప్పాడు. పాత పెట్రోలు బండి ఉన్నవాళ్లెవరైనా ఈ మాట చెవిన వేసుకోండి. లీకైన పెట్రోలు వేడి మ్యానిఫోల్డు మీద పడితే బండి మిగలదు.

ఆ అరగంట ఆకురాలిన టేకు చెట్టు కింద కూర్చున్నాం. తాత మద్రాసు పోస్టింగ్ సంగతి చెప్పాడు. డెబ్భైల్లో ఆదివారం సెలవు దొరికితే స్నేహితులతో షోలవరం పోయేవాడట. షోలవరం యుద్ధకాలపు ఎయిర్‌స్ట్రిప్. విమానాలు పోయాక మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వాళ్లు దాని మీద పందేలు పెట్టారు. 1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో సొంత ట్రాక్ వచ్చేదాకా మన దేశంలో కారు పందెం అంటే షోలవరమే.

"ఫియట్లు, హెరాల్డులు, అంబాసిడర్లు గూడ. ఇండ్లల్ల వాడే కార్లే, లోపల సీట్లు పీకేసి తెచ్చెటోళ్లు. మలుపు కాడ ఫియట్ లోపలి చక్రం జానెడు లేస్తుండె. నేను కార్లు సూడలే బిడ్డా, పందెం అయినంక వాళ్ల మెకానిక్‌లు ఏం విప్పుతున్నరో సూసెటోన్ని."

ఇంగ్లండ్‌లోనూ కథ ఇదే. గుడ్‌వుడ్ ట్రాక్ యుద్ధకాలపు వెస్ట్‌హాంప్‌నెట్ విమానాశ్రయం చుట్టూ ఉన్న రోడ్డు. 1948 నుంచి 1966 దాకా అక్కడ పందేలు జరిగి ఆగిపోయాయి. 1998 నుంచి దాదాపు ఏటా ఆ పద్దెనిమిదేళ్ల కాలానికి చెందిన కార్లతోనే మళ్లీ పరుగులు పెడుతున్నారు. వాటిని గాజు పెట్టెలో పెట్టి చూపించరు, అద్దం పగిలేదాకా, రేకు సొట్టపోయేదాకా నిజంగా పోటీ పడతారు. సొట్టపోతే మళ్లీ కొట్టి సరిచేస్తారు. అలా అరవై ఏళ్లు పరిగెత్తిన కారులో తొలినాటి రేకు ఎంత మిగిలిందని అడిగితే, దాని కాగితాలూ, ఫ్రేమూ, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి మారిందన్న వరుసా చూపిస్తారు. మన దగ్గర షోలవరంలో పరిగెత్తిన ఫియట్లకు ఆ వరుస రాసిపెట్టినవాళ్లు తక్కువ. ఎన్ని బండ్లు తుక్కు కింద పోయాయో తలచుకుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది.

బావ కరివర్ధన్ పేరెత్తాడు. కోయంబత్తూరు మనిషి. ఎనభైల చివర్లో పైపుల ఫ్రేమ్‌లో మారుతీ 800 ఇంజను పెట్టి ఫార్ములా మారుతీ కార్లు కట్టాడు. విదేశీ రేసు కారు కొనలేని కుర్రాళ్లు వాటిలో కూర్చునే పందెం నేర్చుకున్నారు. 1995లో పోయాడు. కోయంబత్తూరు దగ్గరి ట్రాక్‌కు ఆయన పేరే పెట్టారు. "నేను పైపులు కోసి వెల్డింగ్ పెట్టుడు ఆయన బండి ఫోటో ముందల పెట్టుకొనే మొదలువెట్టిన" అన్నాడు బావ. ఈ మాట ఇన్నేళ్లలో ఆయన మాకెవరికీ చెప్పలేదు. చిన్నన్న ఆయన వంక చూశాడు.

గోనె తీసి సెల్ఫ్ కొడితే రెండో తిప్పుకు అంటుకుంది. ఫర్హాబాద్ మానుకుని వెనక్కి దిగాం. అచ్చంపేట, నాగర్‌కర్నూల్, బిజినేపల్లి, భూత్పూర్ మీదుగా మహబూబ్‌నగర్ చేరేసరికి రాత్రి ఎనిమిది. దారి గురించి చెప్పడానికి పెద్దగా ఏం లేదు. అందరం అలిసిపోయాం.

నాలుగో రోజు: పాలమూరు

పొద్దున్నే పిల్లలమర్రి. ఏడు వందల ఏళ్ల చెట్టని చెబుతారు. ఊడలు దిగి, దిగినవి మానులై, మూడెకరాలు కమ్మేసింది. చెదలు పట్టి కూలిపోతుంటే 2018లో ఆసుపత్రిలో రోగికి పెట్టినట్టు సెలైన్ సీసాలు కట్టి కొమ్మల్లోకి మందెక్కించి బతికించారు. తాత చేతికర్రతో చూపిస్తూ "మొదటి మాను ఏదో చెప్పు" అని చిన్నన్నను అడిగాడు. చిన్నన్న చాలాసేపు వెతికాడు. చెప్పలేకపోయాడు.

ఈ ఊరికి పేరిచ్చిన ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1911లో పసుపుపచ్చ రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్‌కు ఆర్డరు పెట్టి, అది చేతికందకుండానే ఆ ఏడాదే పోయాడు. సింహాసనంలాంటి సీటున్న ఆ కారు హైదరాబాద్ చౌమహల్లాలో ఉంది. తిరిగింది చాలా తక్కువ. నాకు దాన్ని చూసినప్పుడల్లా దిగులుగానే ఉంటుంది.

తొమ్మిదింటికి జడ్చర్ల దారిలో బావ స్నేహితుడి వెంచర్‌కు పోయాం. ప్లాట్లు అమ్ముడుపోక తారు రోడ్లు ఖాళీగా పడి ఉన్నాయి, చుట్టూ కంచె, గేటు. సెవెన్‌ను డీసీఎం మీద తేవడం ఇందుకే. కంపెనీ చేసిన బండి మూల రూపాన్ని మార్చి రిజిస్ట్రేషన్ చేయించడం కుదరదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం 2019లో సుప్రీంకోర్టు తేల్చింది. ఇక సొంతంగా కట్టిన కారు మాట చెప్పనే అక్కర్లేదు. యాభై ఏళ్లు దాటిన అసలు బండ్లకైతే 2021 నుంచి 'వీఏ' అక్షరాలతో వేరే నంబరు వరుస ఉంది, చిన్నన్న ఆ కాగితాల పనిలోనే ఉన్నాడు. బావ బండికి ఆ దారీ లేదు. ఆయన ఏ రోజూ దాన్ని పబ్లిక్ రోడ్డు మీదికి తేలేదు.

ప్లాట్ల హద్దురాళ్లకు సున్నం పూసి మలుపులు గుర్తు పెట్టాం. హెల్మెట్లు పెట్టుకుని మొదట బావ, తర్వాత నేను. సీటు నేలకు జానెడు ఎత్తు. కూర్చుంటే ముందు చక్రాలు మడ్‌గార్డులతో సహా కళ్లెదుటే తిరుగుతుంటాయి, స్టీరింగ్ ఎంత తిప్పితే చక్రం ఎంత తిరిగిందో కంటికి కనిపిస్తుంది. ఎనభై హార్స్‌పవర్ అంటే కారులో ఎక్కువేం కాదు. ఐదారు క్వింటాళ్ల బండికి అది చాలా ఎక్కువ. రెండో గేరులో వీపు సీటుకు అతుక్కుపోయింది. మూడో మలుపు దగ్గర వెనక భాగం కొద్దిగా పక్కకు జారి, నేను కాలు తీయగానే సర్దుకుంది. ఓమ్నీ హౌసింగ్, జిప్సీ ఇంజను, కల్వకుర్తి వెల్డింగ్. దిగాక చేతులు వణుకుతున్నాయి, సంతోషంతో మాట రాలేదు.

చిన్నన్న ఎక్కనన్నాడు. తాత "ఎక్కు" అన్నాడు. ఎక్కాడు. ఒక చుట్టు అనుకున్నది ఆరు చుట్లు తిరిగాడు. ఆపాక వెంటనే దిగలేదు. ఇంజను చల్లబడుతూ టిక్కు టిక్కుమనే చప్పుడు వింటూ స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాడు.

మధ్యాహ్నం టౌన్‌లో పేర్లు చెక్కే దుకాణానికి పోయి అరచేయంత ఇత్తడి రేకు చెక్కించాం. ఏం రాయాలో బావ నన్నే చెప్పమన్నాడు. నేను చెప్పింది ఇది: "లోటస్ సెవెన్‌కు నకలు. కట్టిన చోటు కల్వకుర్తి. 2021–2025. ఇంజను మారుతీ జిప్సీ." బండి నంబరు కోసం కింద ఖాళీ వదిలాం. అది చెక్కించొద్దు, పంచ్‌తో మనమే కొట్టాలని తాత పట్టుబట్టాడు. చెక్కింది అరుగుతుంది, కొట్టింది రేకు లోపలికి దిగుతుందట.

డీసీఎం డాలా మీద ఇనుప దిమ్మె పెట్టి, దాని మీద రేకు పెట్టాం. బావ నంబరు 001 అన్నాడు. రేకు జారకుండా రెండు చేతులతో చిన్నన్న నొక్కి పట్టుకున్నాడు. సున్నా, సున్నా నేను కొట్టాను. ఒకటి పంచ్ తాత తీసుకుని, నిలువుగా పెట్టి, సుత్తి ఒక్కసారే వేశాడు. కొద్దిగా కుడికి వాలింది.

"మళ్ల కొట్టాల్నా?" అన్నాడు తాత.

"వద్దు" అన్నాడు చిన్నన్న, రేకు మీది నుంచి చేతులు తీయకుండానే.